బాన పొయ్యి

మా బాన పొయ్యిని మేము గుజరీకి వేసేసిన సంగతి చుట్టాలందరికీ తెలుసు. కొందరు ఫోన్ చేసి నవ్వారు. కొందరు ఏమీ అనలేదు. ఆ ఏమీ అననివాళ్ళతోనే కష్టం. అసలు ఏం జరిగిందో, తర్వాత ఏం చేశామో ఒకసారి రాసిపెట్టమని అవ్వ చెప్పింది. "రాస్తే తెలుగులో రాయి. రాసి నాకు చదివి వినిపించు" అంది. మా చదువంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయినాక సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నవి. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళలాగా ఉంటాయి కాబట్టి సరిపోయింది గానీ, తలకట్టు దగ్గర ఇప్పటికీ చెయ్యి కన్నడం వైపే పోతుంది. తప్పులుంటే సర్దుకోండి.

ఇంకో మాట. మొదటి నాలుగు లైన్లు చదివి వినిపించగానే అవ్వ ఆపేసింది. "అమ్మింది నువ్వొక్కడివే కదరా, మేము మేము అంటావేంది?" అంది. నిజమే. కానీ మా ఇంట్లో అందరమూ ఇట్లే మాట్లాడతాము. పొలం అమ్మినా మేమే, ఇల్లు కట్టినా మేమే, పరీక్ష తప్పినా మేమే. ఇప్పుడు కొత్తగా మార్చుకోవడం కష్టం.

మాది బెంగళూరుకు తూర్పున వర్తూరు పక్కన ఒక పల్లె. ఇప్పుడు పల్లె అంటే ఎవరూ ఒప్పుకోరు. 2007లో బీబీఎంపీ ఏర్పడి చుట్టుపక్కల 110 పల్లెల్ని కలుపుకున్నాక ఈ వైపంతా నగరమైపోయింది. మా పెద్దలు మదనపల్లె వైపు నుంచి వచ్చారంటారు. ఎన్ని తరాల కిందట అన్న లెక్క అవ్వ చెప్పిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. హోసూరులోనో కోలారులోనో బళ్ళారిలోనో ఉన్నవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

బాన పొయ్యి ఇంటి వెనక, కొబ్బరిచెట్టు పక్కన, మూడు రాళ్ళ మీద ఉండేది. చూడటానికి ఏమీ బాగుండదు. మసి పట్టిన ఇనుప బాన, పక్కన కట్టెలు పెట్టడానికి కోసిన నోరు, పైన ఒక చక్రమో ఒక పెద్ద పెనమో. బజారులో కొన్న వస్తువు అందులో ఒక్కటీ లేదు. అన్నీ పొలం పనికి వాడి, ఇక పనికిరావని పక్కన పడేసినవే.

బాన అంటే ఏమిటో మాకూ పెద్దయ్యేదాకా తెలియదు. పుట్టినప్పటి నుంచి దాన్ని పొయ్యిగానే చూశాము కాబట్టి, బాన అంటే పొయ్యి అనుకున్నాము. అది కపిల బాన అని అవ్వ చెప్పింది. కరెంటు మోటార్లు రాకముందు బావిలో నుంచి నీళ్ళు తోడేది కపిలతో. కొన్ని ఊళ్ళలో మోట అంటారు, కన్నడంలో కపిలె. బావి గట్టు మీద గిలక, గిలక మీదుగా మోకు, మోకుకు ఒక కొసన బాన, ఇంకో కొసన కాడికి కట్టిన జత ఎద్దులు. ఎద్దులు పల్లంగా చేసిన బారిలో కిందికి నడిస్తే బాన పైకి వస్తుంది. బాన అడుగున రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రానికి తోలు తొండం కట్టి ఉంటుంది. తొండం కొసను ఇంకో సన్న తాడు పైకి మడిచి పట్టుకుంటుంది కాబట్టి నీళ్ళు కారవు. బాన గట్టు దగ్గరికి రాగానే తొండం చాపుకుని నీళ్ళను కాలవలోకి వదిలేస్తుంది. బావి దగ్గర ఇంకో మనిషి నిలబడి వంచనక్కర్లేదు. ఎద్దులు వెనక్కి నడిస్తే బాన మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది. తెల్లవారుజాము నుంచి ఇదే పని. అవ్వ పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నిద్ర లేపేది కోడి కాదట, గిలక మోతట.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక వస్తువును చూస్తే ఇది ఎక్కడ చెడుతుంది అని చూడటమే పని. కానీ ఆ బానలో ఒకటి మాత్రం ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. తొండం కట్టిన ఆ రంధ్రమే పొయ్యికి ఊపిరి అయింది. బానను రాళ్ళ మీద పెడితే అడుగు రంధ్రం నుంచి గాలి పైకి లాగుతుంది, బూడిద కిందికి రాలిపోతుంది. కట్టెలు కిందికి జారిపోకుండా రంధ్రం మీద అయిదు కర్రులు అడ్డంగా పేర్చి ఉండేవి. కర్రు అంటే మడకకు ముందు ఉండే ఇనుప మొన, నేలను చీల్చేది. కోస్తావాళ్ళు నాగలి అనేదాన్ని మేము మడక అంటాము. బడిలో మాత్రం నేగిలు అని రాశాము. దున్ని దున్ని అరిగి, కమ్మరి కొలిమిలో సాగదీసి, మళ్ళీ అరిగి, చివరికి జానెడు మిగిలిన కర్రులవి. కమ్మరి ఇక దీనికి ప్రాణం లేదు అన్నాక పొయ్యిలోకి వచ్చాయి.

దీన్ని చేసింది మా చిన్నాయన. 1986లో పెద్దత్త పెళ్ళికి. కపిల ఆగిపోయి పదేళ్ళు దాటింది, బాన కోళ్ళ గూడు మూతగా పడి ఉంది. పెళ్ళికి వంటవాళ్ళు వచ్చి గుంత తవ్వి పొయ్యి వేద్దామంటే వాన పడి గుంత నిండా నీళ్ళు. ఇరవై రెండేళ్ళ చిన్నాయన బానను దొర్లించుకుంటూ వెల్డింగు షాపుకు తీసుకుపోయి, పక్కన నోరు కోయించుకుని వచ్చాడు. ఆ రోజు మూడు వందల మందికి అన్నం, సాంబారు దాని మీదే అయ్యాయని చెప్తారు. మూడు వందలు కూడా ఏటేటా పెరిగిన లెక్కే కావచ్చు.

పైన పెట్టే చక్రం టిల్లరుది. మా వైపు వర్తూరు చెరువు కింద అప్పట్లో వరి. ఎద్దులు పోయాక తాత పవర్ టిల్లరు కొన్నాడు. మాకు దగ్గరే మహదేవపురలో వీఎస్‌టీ వాళ్ళు జపాన్ మిత్సుబిషి సహకారంతో టిల్లర్లు చేసేవాళ్ళు. 1967లో మొదలైన కంపెనీ. బురదలో రబ్బరు చక్రాలు జారిపోతాయని వాటి బదులు కడ్డీలతో చేసిన ఇనుప చక్రాలు తగిలిస్తారు. కేజ్ వీల్ అంటారు. అందులో ఒకటి వంగిపోతే పొయ్యి మీదికి వచ్చింది. పడుకోబెడితే పెద్ద గంగాళం కూడా కదలకుండా కూర్చుంటుంది, కడ్డీల సందులో నుంచి మంట చుట్టూ పాకుతుంది. ఆ చక్రం మీద మా ఇంట్లో కలిపిన సంగటికి లెక్క లేదు.

చివర వచ్చింది డిస్కు. టిల్లరు కూడా మూలపడి, గంటకింత అని ట్రాక్టరును బాడిగకు పిలిచే రోజులు. ట్రాక్టరు వెనక డిస్క్ హారోకు వరసగా గుండ్రటి పళ్ళేలు ఉంటాయి కదా, అవి రాళ్ళకు తగిలి అరిగితే మారుస్తారు. ట్రాక్టరాయన ఒకటి పారేస్తుంటే నాయన అడిగి తెచ్చాడు. ఇరవై రెండు అంగుళాల వెడల్పు, తొమ్మిదో పదో కిలోల బరువు, మధ్యలో లోతు. నడుమ ఇరుసు దూరే చదరం రంధ్రానికి ఇనుప బిళ్ళ పెట్టి వెల్డింగు చేయించారు, అంచు పదును గ్రైండరుతో తీయించారు. గట్టి ఉక్కు. ఒకసారి వేడెక్కితే కట్టె తీసేసినా అరగంట వేడి ఉంటుంది. కొత్తలో తుప్పు, రంగు పోవడానికి ఖాళీగా బాగా కాల్చి, చింతపండుతో తోమి, చెనక్కాయ నూనె పూసి కాల్చి, మళ్ళీ పూసి కాల్చి, నాలుగు రోజులు అమ్మ దానితోనే ఉంది. ఆ తర్వాత చెనిగ్గింజలు వేయించడానికి దాన్ని మించింది లేదు. ఉగాది మరుసటి రోజు, ఇక్కడివాళ్ళు హొసతొడకు అంటారు, ఆ రోజు బెంగళూరులో మాంసం తినే ఇంట్లో మాంసం లేకుండా ఉండదు. మా ఇంట్లో ఆ రోజు వేపుడు డిస్కు మీదే. నడుమ మాంసం, అంచుల మీద ఎర్రగడ్డలు, కరివేపాకు. నడుమ వేడి ఎక్కువ, అంచున తక్కువ. అయింది అయినట్టు అంచుకు నెట్టేయడమే.

ఇది మా నాయన తెలివి అనుకునేవాళ్ళము. మూడేళ్ళ కిందట మా క్లయింటు ఆఫీసు మెక్సికోలో, మాంటెరే ఊళ్ళో. కాల్‌లో ఏదో మాటల్లో డిస్కు ఫోటో చూపిస్తే అవతలి ఆయన కుర్చీలో నుంచి లేచాడు. వాళ్ళకు అది పండగ వంటట. డిస్కాడా అంటారు. ఉత్తర మెక్సికోలో నాగలి డిస్కు మీదే మాంసాలు, ఎర్రగడ్డలు, మిరపకాయలు కలిపి వేయిస్తారు. అర్జెంటీనాలోనూ నాగలి డిస్కు మీద వంట మామూలే. అరిగిపోయిన డిస్కును చూస్తే ఏ దేశం రైతుకైనా అదే ఆలోచన వస్తుందేమో. నాయనతో చెప్తే, "వాళ్ళు రంధ్రం దేనితో మూస్తారో అడిగినావా?" అన్నాడు. అడగలేదు.

ఇక పొలం సంగతి. దాని గురించి ఎక్కువ రాయము. చెరువులోకి నగరం మురికినీళ్ళు చేరాయి, వరి పోయింది, గడ్డి పోయింది, చుట్టూ లేఔట్లు వచ్చాయి, మాదీ పోయింది. 2009లో భాగాలు పంచుకున్నారు. పంపకంలో ఒక గోడ దగ్గర మాట వచ్చి నాయనా చిన్నాయనా మాట్లాడుకోవడం మానేశారు. చిన్నాయన నాలుగు వీధుల అవతల ఇల్లు కట్టుకున్నాడు. పెళ్ళిళ్ళకు వస్తాడు, ఎదురుగా కూర్చోడు. పొయ్యి మాత్రం మా భాగంలోనే ఉండిపోయింది. దాని విలువ ఎంతని ఏ కాగితంలోనూ రాయలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చాక పొయ్యి వెలిగించడం ఆగింది. తర్వాత కూడా ఎందుకో మొదలుపెట్టలేదు. ఒకసారి వెలిగిస్తే వెనక అపార్టుమెంటు వాళ్ళు పొగ అని వాట్సాప్‌లో ఫోటోలు పెట్టారు. బానలో కుక్క పిల్లల్ని పెట్టింది. తుప్పు. 2024 అక్టోబరులో ఆయుధపూజకు ఇల్లు శుభ్రం చేస్తున్నాము. ఎలక్ట్రిక్ స్కూటరు ఛార్జింగుకు వెనక చోటు కావాల్సి వచ్చింది. నాయన తిరుపతి పోయి ఉన్నాడు, అమ్మా అవ్వా అత్త ఇంట్లో. వీధిలో గుజరీ బండి అరుస్తూ పోతోంది. పిలిచాము. అతను కాటా తగిలించి తూచాడు. చక్రం, డిస్కు, కర్రులు, బాన అన్నీ కలిపి 46 కిలోలు. కిలో 28 రూపాయలు. 1,288 రూపాయలు చేతిలో పెట్టాడు. ఆ డబ్బుతో సాయంత్రం పిజ్జా తెప్పించుకున్నాము. ఈ పిజ్జా సంగతి ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఆయుధపూజ రోజు పొద్దున నాయన స్నానం చేసి పసుపు, కుంకుమ, విభూతి, పూలు పళ్ళెంలో పెట్టుకుని బయలుదేరాడు. కారుకు పెట్టాడు, స్కూటరుకు పెట్టాడు, నీళ్ళ మోటారుకు పెట్టాడు, మా ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. తర్వాత వెనక్కి పోయాడు. ఏటేటా ఆయన బాన పొయ్యికి బొట్టు పెడతాడని మాకు గుర్తే లేదు. గుర్తు లేకపోవడమేంది, చిన్నప్పుడు వెనకాలే పళ్ళెం పట్టుకుని పోయినవాళ్ళం మేమే. అక్కడ గుండ్రంగా ఎండిన నేల, మూడు రాళ్ళు. నాయన మా వైపు తిరగలేదు. కాసేపు నిలబడి, వంగి, మూడు రాళ్ళకూ బొట్టు పెట్టి, పూలు పెట్టి, లోపలికి వచ్చి టీవీ పెట్టుకున్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే గుజరీ అంగడికి పోయాము. పండగ అని షట్టరు సగం దించి ఉంది. అక్కడా తక్కెడకు కుంకుమ బొట్టు, నిమ్మకాయ. డిస్కు గోడకు ఆనించి ఉంది. చక్రం ఇంకా కట్టలు కట్టలేదు. కర్రులు గోనెసంచిలో దొరికాయి, అయిదుకు అయిదూ. బాన లేదు. రేకు సరుకు చోటు తింటుందని సుత్తితో అణగగొట్టి ముందు రోజు లోడులో జాలీ మొహల్లాకు పంపేశారట. ఉన్నవి కిలో నలభైకి తిరిగి కొన్నాము. అమ్మింది 28కి, కొన్నది 40కి. అతను తప్పు చేయలేదు, అది అతని వ్యాపారం.

జాలీ మొహల్లా కాటన్‌పేట దగ్గర. బెంగళూరు పాత సామాను, పాత ఇనుము చాలావరకు ఒకసారి ఆ సందుల్లోకి వచ్చి పోతుంది. మరుసటి రోజు అక్కడికి పోయాము. ఏమని అడగాలి? బాన అంటే ఎవరికీ అర్థం కాలేదు. బకెట్టు అంటే బకెట్లు చూపించారు. చివరికి ఒక ముసలాయన, తుమకూరు వైపు మనిషి, కపిలె అనగానే తలెత్తి చూశాడు. "కపిలె బాన యారాదరూ మారతారేనప్పా?" అన్నాడు. కపిల బానను ఎవరైనా అమ్ముతారా అని. అణిగిపోయిన రేకుల గుట్ట చూపించి, ఇందులో ఉంటే ఉంటుంది, వెతుక్కో అన్నాడు. రివెట్ల వరస కనిపిస్తుందేమోనని రెండు గంటలు వెతికాము. దొరకలేదు.

ఇంటికి వచ్చి డిస్కు, చక్రం, కర్రులు మూడు రాళ్ళ పక్కన పెట్టాము. నాయన చూశాడు. "బాన?" అన్నాడు. లేదన్నాము. "ఊ" అన్నాడు. పది రోజుల్లో మాతో ఆయన మాట్లాడినవి ఆ రెండే.

దాన్ని ఎట్లాగైనా మళ్ళీ నిలబెట్టాలని అప్పుడు పట్టుదల వచ్చింది. తొందర కూడా వచ్చింది. హార్డ్‌వేర్ షాపులో నిగనిగలాడే జీఐ రేకు డ్రమ్ము కొని, నోరు కోయించి, అడుగున రంధ్రం చేయించి, కర్రులు పేర్చి, నీలగిరి కట్టెలతో పెద్ద మంట పెట్టాము. రేకు మీద తెల్లటి పొగ లేచింది. కట్టె పొగ కాదు, వేరే. నోట్లో తియ్యటి లోహం రుచి. రాత్రికి తలనొప్పి, వణుకు, జ్వరం. మరుసటి రోజు సాయంత్రానికి తగ్గిపోయింది. డాక్టరుకు చెప్తే, వెల్డింగు పని చేసేవాళ్ళకు వచ్చేదే ఇది అన్నారు. జీఐ రేకు మీద తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా వేడెక్కితే ఆవిరై, గాలి తగిలి తెల్ల పొగవుతుంది. అది పీలిస్తే ఈ జ్వరం. మీలో ఎవరైనా ఇట్లాంటి పొయ్యి చేసుకోవాలనుకుంటే ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి: జింకు పూత ఉన్న రేకు, బకెట్టు, పైపు ఏదీ మంట దగ్గరికి రానివ్వకండి. పురుగుమందు ఉన్న డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. రంగు వేసిన ఇనుమైతే వంటకు ముందు ఊరి బయట ఖాళీగా కాల్చి రంగంతా పోగొట్టండి. రోజూ ఇతరులు రాసిన కోడులో తప్పులు పట్టే మేము మా డ్రమ్మును పరీక్షించింది మా ఊపిరితిత్తులతో.

జ్వరం సంగతి తెలిసి చిన్నాయన వచ్చాడు. ఇంటి లోపలికి రాలేదు, పక్క సందులో నుంచి నేరుగా వెనక్కి వచ్చాడు. డ్రమ్మును కాలితో తన్ని చూశాడు. "ఇది నీళ్ళకు చేసినదిరా, మంటకు కాదు" అన్నాడు. తర్వాత కర్రులు చూశాడు. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని తిప్పి, వరసగా పెట్టాడు. బాన పోయిందన్నాము. "తెలుసు. మీ అవ్వ చెప్పింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

మరుసటి ఆదివారం చిన్నాయన మమ్మల్ని హొసకోటె దారిలో ఒక ట్రాక్టరు మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. ట్రాలీ చక్రాల రిమ్ములు గుట్టగా పడి ఉన్నాయి. పదహారు అంగుళాలవి రెండు ఏరాడు. మేము వేలు పెట్టి చూపించేదాకా ఆయనకూ తట్టలేదు, లేదా తట్టనట్టు నటించాడు: రిమ్ము నడుమ కూడా రంధ్రం ఉంది, ఇరుసు బుడిపె దూరే రంధ్రం. బాన అడుగున తొండం కట్టినట్టే. కింది రిమ్ములో ఆ రంధ్రం మీద కర్రులు కూర్చుంటాయి, పై రిమ్ములో నడుమ భాగం కోసేస్తే మంటకు దారి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెల్డింగు, పక్కన గ్యాసు కట్టరుతో నోరు. పైన ఇరవై రెండు అంగుళాల డిస్కు కొలిచి చేసినట్టు కూర్చుంది. రంగు పోవడానికి చిన్నాయన ఖాళీ సైటులో టైరు లేకుండా, ఉత్త కొబ్బరి మట్టలతో మూడుసార్లు కాల్పించాడు.

ఇంటికి తెచ్చి పరీక్ష పెట్టాము. ఈసారి పద్ధతిగా, నోటుబుక్కు పెట్టుకుని. ఇరవై లీటర్ల నీళ్ళు, తూచిన కట్టెలు, ఫోనులో టైమరు. మూడు రాళ్ళ మీద ఉత్త మంటతో ఒకసారి, రిమ్ము పొయ్యి మీద అయిదు కర్రులతో ఒకసారి, నాలుగు కర్రులతో ఒకసారి. రాళ్ళ మీద కన్నా రిమ్ములో కట్టె సగానికి దగ్గరగా మిగిలింది, పొగ చాలా తగ్గింది. కర్రుల సందులో నుంచి గాలి నిప్పుల కిందికి వస్తేనే కట్టె పూర్తిగా మండుతుంది. గాలి చాలకపోతే మండాల్సింది పొగై పోతుంది. అపార్టుమెంటు వాళ్ళు ఫోటో తీసిన రోజు మేము బూడిద తియ్యకుండా వెలిగించాము. తప్పు పొయ్యిది కాదు.

అవ్వ ఇదంతా అరుగు మీద కూర్చుని చూసింది. ఈ నోటుబుక్కు పని ఆమెకు కొత్త కాదు. మన బెంగళూరులోనే, జనం టాటా ఇన్‌స్టిట్యూట్ అనే ఐఐఎస్‌సీలో, అమూల్య రెడ్డి గారు 1974లో ఆస్ట్ర అని ఒక విభాగం మొదలుపెట్టారు, పల్లెలకు పనికొచ్చే విద్య కోసం. అక్కడ చేసిన మట్టిపొయ్యే ఆస్ట్ర ఒలె: మూడు గిన్నెలకు మూడు కళ్ళు, కట్టెల కింద ఇనుప జల్లెడ, వెనక పొగగొట్టం. మా వీధిలో ఒకరింట్లో వేసి చూపించారట. అవ్వ మెచ్చుకుంది, పొగ లేదు, కట్టె తక్కువ. కానీ ఇంట్లో వేయించుకోలేదు. "కంటికి సరిపోయే గిన్నెనే పెట్టాల. మన సంగటి తప్పేలా దాంట్లో దిగదు. నలుగురు ఎక్కువ వస్తే ఏం జేసేది?" అంది. పొయ్యి మీద పెట్టే గిన్నె ప్రతిరోజూ ఒకటే ఉండదన్నది మా టెస్టింగు భాషలో పెద్ద విషయమే. ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

సంక్రాంతికి వెలిగించాము. జనవరి అంటే మా వైపు అనపకాయల కాలం, అవరె మేళా జరిగే రోజులు. ముందు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని నానిన అనపగింజలు పితికాము. పొద్దున చక్రం పెట్టి దాని మీద పెద్ద తప్పేలాలో సంగటి, పక్కన రాళ్ళ పొయ్యి మీద పితికిపప్పు. ఇరవై ఆరు మంది. చిన్నాయన పిన్నమ్మతో, పిల్లలతో వచ్చాడు, ఈసారి వాకిలి వైపు నుంచే. నాయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. చదవడం లేదు, అదే పేజీ పట్టుకుని ఉన్నాడు.

ఎసరు మరిగి పిండి పోసేసరికి మంట ఎక్కువైంది. సంగటి అడుగంటే వాసన. మేము కట్టెలు లాగుతుంటే కళ్ళలో పొగ. నాయన పేపరు పక్కన పెట్టి లేచి వచ్చాడు. వంగి నోట్లోకి చూశాడు.

"గాలి ఎక్కువ పోతోంది. నాలుగే పెట్టినారు. బానకు అయిదు ఉండేవి" అన్నాడు, మమ్మల్ని చూసి.

"అయిదు పెడితే ఈ రిమ్ముకు ఊపిరాడదన్నా. బాన రంధ్రం వేరే" అన్నాడు చిన్నాయన, ఆయన్ను చూసి.

నాయన ఒక నిమిషం ఏమీ అనలేదు. పక్కన పడి ఉన్న అయిదో కర్రును పట్టకారుతో తీసి, చిన్నాయన చేతికిచ్చాడు. "అడ్డంగా వద్దు. వాలుగా పెట్టి చూడు" అన్నాడు. పెట్టాడు. మంట కొంచెం దిగింది. ఇద్దరూ అక్కడే గొంతుకూర్చుని, ఒకరు కట్టె ముందుకు నెట్టడం, ఇంకొకరు వెనక్కి లాగడం. సంగటి కలిపే కట్టె మా చేతుల్లో నుంచి అమ్మ లాగేసుకుంది, మాకు చేతకావడం లేదని. గోడ సంగతి ఎవరూ ఎత్తలేదు. రేపు ఎత్తినా ఎత్తొచ్చు.

అడుగంటిన సంగటి మేము తిన్నాము. అవ్వకు మెత్తటిది పైనుంచి తీసిపెట్టారు. తిన్నాక ఆమె పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుంది. కానీ ఇది బాన పొయ్యి కాదు, రిమ్ము పొయ్యి" అంది. పేరు మార్చమంటే ఈ రాతకు పైన పేరు అట్లే ఉండనియ్యమంది.

నాయన ఆ రోజు సాయంత్రం మూడు రాళ్ళను కొంచెం దగ్గరికి జరిపాడు, రిమ్ముకు సరిపోయేటట్టు. ఆయుధపూజకు దానికి బొట్టు పెడతాడో లేదో తెలియదు. ఇంకా ఎనిమిది నెలలుంది. స్కూటరు ఛార్జింగుకు మాత్రం ముందు వాకిట్లో ప్లగ్గు వేయించాము.